గరుకు పాఠం కూడా చెప్పండి: ఫైన్ ఆర్ట్స్ అధ్యాపకులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల ఫైన్ ఆర్ట్స్ కళాశాలల్లోనూ, యానిమేషన్ శిక్షణ సంస్థల్లోనూ డిజిటల్ పెయింటింగ్ నేర్పుతున్న గురువులందరికీ,

కథలకూ, పిల్లల పుస్తకాలకూ బొమ్మలు వేయడం నా వృత్తి. మీ దగ్గర చదువుకుని వచ్చిన పిల్లల ఫైళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. గీత బాగుంటుంది. కొలతలు తెలుసు. వెలుగునీడల మీద పట్టు ఉంది. కానీ ఫైలు తెరిచి కాస్త దగ్గరగా చూస్తే చాలావాటిలో ఒకే జబ్బు కనిపిస్తుంది. బొగ్గుతో వేసినట్టు ఉండాలనుకున్న చోట బూడిద రంగు పొగ కమ్ముకుని ఉంటుంది. పెన్సిల్ అనుకున్నది తడిసిన దూదిలా మెత్తబడి ఉంటుంది. ‘ఏ బ్రష్ వాడావు నాయనా?’ అంటే ప్యాక్ పేరు ఠక్కున చెబుతారు, దాని ధరతో సహా. ‘ఈ గరుకు గీతలోకి ఎలా వస్తోంది?’ అంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. పిల్లలను తప్పుపట్టడానికి లేదు. ఆ ప్రశ్న వాళ్లను అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

బ్రష్‌కు టెక్స్‌చర్ ఎలా పడుతుందన్నది మీ సిలబస్‌లో ఒక పూర్తి పాఠం కావాలని అడగడానికే ఈ ఉత్తరం. ఏ మెనూలో ఏ బటన్ ఉందో చెప్పే పాఠాలు యూట్యూబ్‌లో కొల్లలుగా ఉన్నాయి. వాటికోసం పిల్లలు మీ దాకా రానక్కర్లేదు.

విషయంలోకి వస్తాను. డిజిటల్ బ్రష్ నిజానికి గీత గీయదు, వరసగా ముద్రలు గుద్దుతుంది. బ్రష్ టిప్ అంటే ఒక చిన్న నలుపు తెలుపు బొమ్మ. పెన్ కదులుతున్నకొద్దీ ఆ బొమ్మ ఒకదాని మీద ఒకటి పడుతూ పోతుంది. స్పేసింగ్ 10 శాతం అని పెడితే, టిప్ వెడల్పులో పదోవంతు జరగ్గానే ఇంకో ముద్ర పడుతుంది. అంటే గీత మధ్యలో ఉన్న ఒక్కో పిక్సెల్ మీద సుమారు 10 ముద్రలు పడతాయన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు, సగం కథ తెలిసినట్టే.

టెక్స్‌చర్ ఇంకో బొమ్మ. అంచులు అతుకు కనపడకుండా కలిసిపోయే చదరపు పలక. అదీ బూడిద ఛాయల్లోనే ఉంటుంది. తెల్లగా ఉన్న చోటు కాగితం మీది మిట్ట, నల్లగా ఉన్న చోటు గుంట అనుకుందాం. సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఇది తారుమారు కావచ్చు, అందుకే పక్కనే ఇన్వర్ట్ అనే బటన్ ఉంటుంది. ‘ఇక్కడ ఇంత రంగు వెయ్యి’ అంటుంది టిప్. ‘ఇక్కడ ఇంతే పడుతుంది’ అంటుంది టెక్స్‌చర్. ఈ రెండింటి తగువు తీర్చేదే మోడ్ అనే చిన్న మీట. పిల్లల్లో చాలామంది దాన్ని తాకను కూడా తాకరు.

మల్టిప్లై మోడ్‌లో ఏం జరుగుతుందో లెక్క వేసి చూడండి. ఫ్లో 50 శాతం. మిట్ట మీద టెక్స్‌చర్ విలువ 100, గుంటలో 30. రెండింటినీ గుణిస్తే ఒక్కో ముద్రకు మిట్ట మీద 50 శాతం రంగు, గుంటలో 15 శాతం రంగు పడుతుంది. మొదటి ముద్ర దగ్గర తేడా స్పష్టంగా ఉంటుంది. మూడింతలకు పైనే. ఇప్పుడు 10 ముద్రలూ పడనివ్వండి. మిట్ట 99.9 శాతానికి చేరి ఆగుతుంది, అంతకు మించి పోవడానికి చోటు లేదు. గుంట మాత్రం పైకి వస్తూనే ఉంటుంది. పదో ముద్రకు 80 శాతం నిండిపోతుంది. వందకీ ఎనభైకీ మధ్య మిగిలే గరుకు ఏపాటిది? పైన చెప్పిన పొగ ఇదే. రెండోసారి అదే చోట రుద్దితే ఆ కాస్తా పోతుంది. పాపం పిల్లలు టెక్స్‌చర్ సరిపోలేదనుకుని ఇంకో బ్రష్ ప్యాక్ కొంటారు.

సబ్‌ట్రాక్ట్ మోడ్‌లో ఇదే పెట్టండి. ఇక్కడ గుణకారం లేదు, తీసివేత. టిప్ ఇచ్చేది 50, గుంట లోతు 70. యాభైలోంచి డెబ్బై పోతే సున్నా కన్నా తక్కువ, అంటే అక్కడ రంగు పడదు. పది ముద్రలు వేసినా పడదు, వంద వేసినా పడదు. గుంట తెల్లగా మిగులుతుంది. పెన్ గట్టిగా నొక్కితే టిప్ బలం 80కి పెరుగుతుందనుకోండి, అప్పుడు 10 శాతం గుంటలోకి దిగుతుంది. ముద్రలన్నీ పడేసరికి అది 65 శాతం దాకా చేరుతుంది. మెల్లగా పట్టుకుంటే మిట్టలు మాత్రమే నలుపెక్కడం, అదిమితే గుంటలు కూడా నిండడం బొగ్గు ముక్క మనకు నేర్పిన లక్షణమే. చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ దిబ్బలు ఒక్కొక్కటే తేలినట్టు, ఒత్తిడి పెరిగేకొద్దీ కాగితంలో ఇంకొన్ని చోట్లు రంగుకు అందుతాయి. టెక్స్‌చర్ ప్యానెల్‌లో ఉండే బ్రైట్‌నెస్ మీట ఆ నీటిమట్టాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. కాంట్రాస్ట్ మీట దిబ్బల వాలు ఎంత నిటారుగా ఉండాలో చెబుతుంది. వాటిని ‘బొమ్మ బాగా కనపడే మీటలు’ అని చెప్పి వదిలేయకండి.

ఇంకో మేలు ఉంది. అంచులు మెత్తగా కరిగిపోయే గుండ్రటి టిప్ తీసుకుని సబ్‌ట్రాక్ట్ పెట్టండి. అంచు దగ్గర టిప్ బలం తగ్గుతూ పోతుంది కాబట్టి అక్కడ ఎత్తయిన మిట్టలు తప్ప ఏవీ రంగు పట్టవు. మెత్తటి టిప్ నుంచి విరిగిన, పొడిబారిన, ముక్కలు ముక్కలుగా ఉన్న అంచు పుడుతుంది. అదే టిప్‌కు మల్టిప్లై పెడితే మసక అంచు మీద నేత అచ్చు గుద్దినట్టుంటుంది. ఈ రెండు గీతలనూ పక్కపక్కన ప్రొజెక్టర్ మీద చూపిస్తే తరగతిలో ఇక వేరే ఉపన్యాసం అక్కర్లేదని నా నమ్మకం. ఫొటోషాప్‌లో హైట్, లీనియర్ హైట్ అనే మోడ్‌లు కూడా ఉన్నాయి. టెక్స్‌చర్‌లోని ఛాయలను ఎత్తులుగా చూడడమే వాటి ఆలోచన. సబ్‌ట్రాక్ట్ అర్థమైనవాడికి అవి పది నిమిషాల పని.

టెక్స్‌చర్ ఏ దశలో కలుస్తుందన్నది కూడా అంతే ముఖ్యం. ఫొటోషాప్‌లో ‘టెక్స్‌చర్ ఈచ్ టిప్’ అనే గడి ఉంది. దాన్ని టిక్ చేస్తే ప్రతి ముద్రకూ విడివిడిగా టెక్స్‌చర్ పడుతుంది. తీసేస్తే గీత మొత్తానికి కలిపి పడుతుంది, కాబట్టి ముద్రలు పేరుకుని గుంటలు నిండే బెడద ఉండదు. కానీ డెప్త్ జిట్టర్, మినిమమ్ డెప్త్ లాంటివి ఆ గడి టిక్ చేసి ఉంటేనే పనిచేస్తాయి. ఒత్తిడికి తగ్గట్టు గరుకు లోతు మారాలంటే ఈచ్ టిప్ కావాలి. ఈచ్ టిప్ పెడితే పేరుకుపోవడం తప్పదు. పేరుకుపోయినా గుంట మిగలాలంటే తీసివేత జాతి మోడ్ కావాలి. ఈ మూడు మెట్లు వరసగా ఎక్కిన విద్యార్థి తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టినా తడబడడు.

ఇక టెక్స్‌చర్‌ను దేనికి కట్టేశారన్న ప్రశ్న. ప్రోక్రియేట్ దీన్ని బాగా విడదీసి పెట్టింది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో, హోబార్ట్‌లో ఉన్న సావేజ్ ఇంటరాక్టివ్ అనే సంస్థ 2011లో విడుదల చేసిన ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్ అది. అందులో గ్రెయిన్ రెండు రకాలుగా నడుస్తుంది. టెక్స్‌చరైజ్డ్ అంటే గరుకు కాగితానిది. ఎన్ని గీతలు గీసినా ఒక మిట్ట ఉన్న చోటే ఉంటుంది. మూవింగ్ అంటే గరుకు కుంచెది. కుంచెతో పాటే కదులుతూ చారలు లాగుతుంది. పెన్సిల్‌కూ, బొగ్గుకూ, పేస్టెల్‌కూ మొదటిది కావాలి. ఎండిపోయిన కుంచె వెంట్రుకలు లాగే గీతకు రెండోది నప్పుతుంది. పెన్సిల్ బ్రష్‌కు మూవింగ్ గ్రెయిన్ తగిలించి, గీత మీద గీత వేస్తే గుంటలన్నీ నిండిపోతున్నాయని వాపోయేవాళ్లు ఎందరో. వాళ్ల కాగితం ప్రతి గీతకూ జరిగిపోతోంది, మరి నిండదా?

మీలో పాత పద్ధతి పెయింటింగ్ చెప్పేవారికి నచ్చే మెలిక ఒకటి ఇక్కడే ఉంది. పెన్సిల్ మిట్టలను పట్టుకుంటుంది. నీటిరంగు అలా కాదు. అల్ట్రామెరీన్ లాంటి రంగు నీళ్లలో తేలి, నీళ్లు ఆరేకొద్దీ కాగితం గుంటల్లోకి దిగి స్థిరపడుతుంది. అదే కాగితం, అదే టెక్స్‌చర్ పలక, కానీ వాష్ బ్రష్‌కు ఇన్వర్ట్ చెయ్యాలి. అదే నీటిరంగును దాదాపు పొడి కుంచెతో లాగితే మళ్లీ మిట్టలే పట్టుకుంటాయి, ఇన్వర్ట్ తీసెయ్యాలి. వడ్డాది పాపయ్య (1921–1992) బొమ్మల మెత్తదనం తెరమీద తేవాలని తాపత్రయపడే పిల్లలు ఏటా కనిపిస్తారు. వాళ్లు ముందుగా చేసే పని ఆయిల్ కాన్వాస్ నేతను బ్రష్‌కు తగిలించడం! నీటిరంగుకు కాన్వాస్ ఎందుకమ్మా అంటే ‘ఆర్టిస్టిక్‌గా ఉంటుందని’ అంటారు.

ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. మార్క్ జిమ్మర్, టామ్ హెడ్జెస్ చేసిన పెయింటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఫ్రాక్టల్ డిజైన్ కంపెనీ 1991లో రంగు డబ్బాలో పెట్టి మరీ అమ్మింది. కాగితం గరుకుకు బ్రష్ స్పందించడం దాని గొప్పల్లో ఒకటి. ఫొటోషాప్‌కు ఇప్పుడున్న తరహా బ్రష్ ప్యానెల్, టెక్స్‌చర్ విభాగంతో సహా, 2002లో ఏడో వెర్షన్‌తో వచ్చింది. అంతకు ముందు సంగతి కావాలంటే, చుక్కలతో బొమ్మలు వేసిన జార్జ్ సెరా (1859–1891) కాంటే క్రేయాన్ చిత్రాలు పిల్లలకు చూపించండి. మిషాలే అనే గరుకు కాగితం మీద క్రేయాన్‌ను బరువు మార్చి మార్చి నడిపాడు. ఆ బొమ్మల్లో గీత అనేది దాదాపు కనపడదు. మనిషి ఆకారం, దీపం వెలుగు, సాయంత్రపు చీకటి అన్నీ కాగితం మిట్టల మీద క్రేయాన్ ఎంత నిలిచిందన్న దాన్నిబట్టే వచ్చాయి. సబ్‌ట్రాక్ట్ మోడ్‌కు ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం నాకు తెలీదు.

ఇప్పుడు పలక తయారీ. ఇది తరగతిలో చేయించవలసిన పని అని గట్టిగా చెబుతున్నాను. రెడీమేడ్ పలకలు కొనడం కన్నా సొంతంగా ఒకటి చేసుకుంటే పైన చెప్పిన లెక్కలన్నీ చేతికి అర్థమవుతాయి.

చాలామంది ఫోన్‌తో గోడనో బండనో ఫొటో తీసి టెక్స్‌చర్‌గా పెడతారు. అందులో చిక్కుంది. పక్క నుంచి వెలుగు పడితే ప్రతి మిట్టకూ ఒక వైపు తెలుపు, రెండో వైపు నీడ వస్తాయి. ఫొటోలో దొరికింది మిట్ట వాలు. బ్రష్‌కు కావలసింది మిట్ట ఎత్తు. అలాంటి పలకతో గీస్తే గీతంతా ఒకవైపు ఎండ కాస్తున్నట్టు చెక్కుడు బొమ్మలా కనిపిస్తుంది. నేరుగా పైనుంచి వెలుగు పడితే అసలు గరుకే కనపడదు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద కాగితాన్ని ఉత్తగా పెట్టినా కాగితం రంగు వస్తుంది తప్ప దాని మిట్టపల్లాలు పెద్దగా రావు.

దీనికి చిన్నప్పుడు అందరం చేసిన పని చాలు. నాణెం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దామే, అదే. మాక్స్ ఎర్నెస్ట్ 1925లో నేల చెక్కల మీద కాగితం పరిచి రుద్ది, ఆ పద్ధతినే ఫ్రొటాజ్ పేరుతో చిత్రకళలోకి తెచ్చాడు. రుద్దిన కాగితం మీద మిట్టలు మాత్రమే పడతాయి, వెలుగుతో నిమిత్తం లేదు. షాబాద్ బండ, రోలు లోపలి గరుకు, ఈతాకు చాప, మగ్గం బట్ట, సున్నం పెచ్చులూడిన గోడ, ఏదైనా సరే. పలచటి కాగితం, మెత్తటి గ్రాఫైట్ కడ్డీ ఉంటే చాలు. కాగితం గరుకే కావాలంటే ఇంకా సులువు. ఆ కాగితాన్ని నున్నటి గాజు మీద పెట్టి బొగ్గును అడ్డంగా పట్టుకుని తేలిగ్గా రుద్ది స్కాన్ చెయ్యడమే. రుద్దిన చోట మిట్టలు నల్లగా వస్తాయి కాబట్టి ఒకసారి ఇన్వర్ట్ చేసుకోవాలి.

తర్వాతి పని ఓపికది. స్కాన్‌ను బూడిద ఛాయల్లోకి మార్చాలి. చెయ్యి బరువు ఒకచోట ఎక్కువై, ఒకచోట తక్కువై పెద్ద పెద్ద మచ్చలు పడి ఉంటాయి, వాటిని సమం చెయ్యాలి. బొమ్మను సగం జరిపి, మధ్యలోకి వచ్చిన అతుకులను క్లోన్ బ్రష్‌తో మాన్పాలి. క్రిటా అనే సాఫ్ట్‌వేర్‌లో డబ్ల్యూ మీట నొక్కితే పలక నాలుగు వైపులా పరుచుకుని కనపడుతుంది, అతుకు ఎక్కడుందో అక్కడికక్కడే దిద్దవచ్చు. చివరగా లెవెల్స్. విలువలన్నీ 110, 150ల మధ్యే ఇరుక్కుని ఉంటే ఎత్తుపల్లాల తేడా లేనట్టే. తేలిగ్గా నొక్కితే ఏమీ పడదు, ఇంకాస్త నొక్కగానే అంతా ఒక్కసారి నల్లబడుతుంది. ట్యాబ్లెట్‌కు 8192 ఒత్తిడి స్థాయులున్నా ఆ పలక ముందు అవి దండగ. విలువలను సున్నా నుంచి 255 దాకా సాగదీయాలి.

పలక ఎంత పెద్దదిగా ఉండాలన్నదానికీ లెక్కే ఉంది. 300 డీపీఐలో ఏ4 పేజీ అంటే 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు. పలక 512 పిక్సెళ్లదైతే అడ్డంగా ఐదుసార్లు, నిలువుగా ఏడుసార్లు దాకా తిరిగి తిరిగి వస్తుంది. అందులో కాస్త పెద్ద గుంట ఒకటుంటే చాలు, ఆకాశం నిండా అదే గుంట వరసలో నిలబడి వెక్కిరిస్తుంది. పలకను 2048 చేయించండి, లేదా ప్రత్యేకంగా కంటబడే మచ్చలను ముందే తుడిపించండి.

అచ్చు సంగతి ఒక్క మాట. న్యూస్‌ప్రింట్ మీద హాఫ్‌టోన్ స్క్రీన్ అంగుళానికి సుమారు 85 నుంచి 100 గీతలు ఉంటుంది. 300 డీపీఐ ఫైలులో ఒక్కో అచ్చు చుక్కకు సుమారు మూడు పిక్సెళ్ల చోటు. రెండు పిక్సెళ్ల గరుకు ఆ అచ్చులో బతకదు, వట్టి బూడిద రంగుగా మారుతుంది. తెరమీద 200 శాతం జూమ్ చేసి మురిసిపోయిన గరుకంతా ఇలాగే మాయమవుతుంది. బొమ్మ ఎక్కడ అచ్చవుతుందో తెలుసుకున్నాకే టెక్స్‌చర్ స్కేల్ నిర్ణయించాలని చెప్పండి.

గరుకు ఎక్కడ వద్దో చెప్పడం కూడా మీ బాధ్యతే. చేర్యాల నకాషీ పటం తీరులో బొమ్మ వేస్తూ ఖద్దరు నేతను టెక్స్‌చర్‌గా పెట్టినవాళ్లను చూశాను. ఆ పటం ఖద్దరు మీదే వేస్తారు, నిజమే. కానీ నకాషీ కళాకారులు ఆ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత వేసేది నేత కనపడకుండా, కుంచె జారిపోయేలా చెయ్యడానికే. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచుతారు. గీసిన రంగు పక్కకు పాకకుండా పాలు ఆపుతాయి. గరుకునూ, పాకడాన్నీ అణచడానికి తరతరాలుగా కష్టపడిన కళ మీద మనం డబ్బిచ్చి కొన్న గరుకు పులమడం అన్యాయం. అక్కడ నున్నటి టిప్, చెయ్యి బరువును బట్టి సన్నబడే గీత చాలు.

బొమ్మంతా అయ్యాక పైన కాగితం ఫొటో ఒక లేయర్‌గా వేసి మల్టిప్లై పెట్టడం మరో అలవాటు. గడువు ముంచుకొచ్చినప్పుడు అది పనికొస్తుంది, కాదనను. కానీ అది మొహం మీదా, ఆకాశం మీదా, అసలు గీతే పడని తెల్లటి చోటు మీదా ఒకే మోతాదులో పరుచుకుంటుంది. చెయ్యి ఎక్కడ అదిమిందో, ఎక్కడ వదిలిందో దానికి తెలీదు. దాన్నే టెక్స్‌చర్ అని మార్కులు వేయకండి.

ఖర్చు మాట ఎత్తుతారేమో. క్రిటా ఉచితం. కేడీఈ సముదాయం కింద తయారయ్యే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. కాలేజీ ల్యాబ్‌లోని ప్రతి కంప్యూటర్ మీదా లైసెన్స్ గొడవ లేకుండా పెట్టుకోవచ్చు. దాని టెక్స్‌చర్ విభాగంలో పలక ఎంపిక, స్కేల్, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, ఇన్వర్ట్, మల్టిప్లై, సబ్‌ట్రాక్ట్, ఒత్తిడితో ముడిపెట్టుకోగల స్ట్రెంగ్త్, అన్నీ ఉన్నాయి. బొగ్గు, కాగితం, పాత స్కానర్ ఒకటి మీ విభాగంలో ఎక్కడో ఉండే ఉంటాయి.

వచ్చే విద్యా సంవత్సరం రెండు వారాలు దీనికి కేటాయించండి. మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోనివ్వకండి. మూడు రకాల కాగితాలు, ఒక బండ, ఒక బట్ట ఇచ్చి రుద్దించండి. రెండో వారం ఆ రుద్దుడు కాగితాల నుంచి పలకలు, పలకల నుంచి బ్రష్‌లు చేయించండి. పరీక్షలో తెరమీద ఒక గీత చూపించి, ‘ఇది మల్టిప్లైయా, సబ్‌ట్రాక్టా? గరుకు కాగితానిదా, కుంచెదా? ఎలా చెప్పగలవు?’ అని అడగండి. పిల్లలు చేసిన పలకల్లో మంచివాటిని మీ కాలేజీ పేరుతోనే అందరికీ ఉచితంగా విడుదల చెయ్యండి. షాబాద్ బండ గరుకు మొదటి కాపీ నాకే కావాలి.

ఇట్లు,
కథలకు బొమ్మలు వేసే ఒక చిత్రకారుడు